ఫొటోలో లేని బీట

కంప్యూటరు నోట్లో లక్క పోసిన మహానుభావులారా, మిమ్మల్నే అడుగుతున్నది! రోడ్డుకు ఇవతల ఫ్యాను కింద కూచుని, అవతల బడి శ్లాబు సంగతి ఫొటో వస్తే చూద్దాంలే అనుకునే పెద్దలారా, మిమ్మల్నే! నేరాన్ని వాన మీదికి నెట్టకండి. ఇసుక మీదికీ సిమెంటు మీదికీ నెట్టకండి. బడి కట్టిన కాంట్రాక్టరు ఎప్పుడో పోయాడు, ఆయన మీదికీ నెట్టకండి. మూరెడు తీగ గుచ్చితే తెమిలిపోయే పనిని ఎండాకాలం నుంచి వానాకాలం దాకా సాగదీసింది మీరు. ఎట్లా సాగదీశారో చెప్పాలి. మీకు తెలియదని కాదు. తెలియనట్టు ఉండటం మీకెంత బాగా తెలుసో జనానికి తెలియాలని.

రాళ్లమెట్టలో బస్టాండు దాటగానే రోడ్డుకు ఒక పక్క ప్రాథమిక పాఠశాల, సరిగ్గా దానికి ఎదురుగా భవన భద్రతా విభాగం వారి కార్యాలయం. బడిలో పిల్లలు ఎక్కాలు చదివితే ఆఫీసులో గుమస్తాలకు వినపడుతుంది. ఆఫీసువాళ్లు పెసరట్లు తెప్పించుకుంటే బడిలో పిల్లలకు వాసన తగులుతుంది. అంత దగ్గర.

బడికి ఒకటే గది, ఒకతే టీచరు. ఆమె పేరు సువార్తమ్మ. రెండో టీచరును ఏదో సర్వే పని మీద తీసుకుపోయారు, మళ్లీ తెచ్చివ్వలేదు. సువార్తమ్మ గొంతు పెద్దది, ఓపిక చిన్నది. ఆ ఓపిక కూడా ఒక మధ్యాహ్నం అన్నాల వేళ అయిపోయింది. పావని అనే రెండో తరగతి పిల్ల సాంబారు అన్నం కలుపుకుంటుంటే పైనుంచి అరచెయ్యంత పెచ్చు ఊడి కంచంలో పడింది. పిల్ల మొహం నిండా సాంబారు. తలెత్తి చూస్తే శ్లాబులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బీట.

పావని తండ్రి ఏడుకొండలు ఆటో తోలతాడు. కబురందగానే ఆటో వేసుకుని వచ్చేశాడు.

"టీచరమ్మా, ఇయాళ కంచంలో పడింది. రేపు నెత్తిన పడద్ది. ఏం జేద్దామనుకుంటన్నారు మీరు?"

"నామీద అరుస్తావేందయ్యా? బీట పెట్టింది నేనా? ఎదురుగానే గదా ఆఫీసు. చెప్పొస్తా, నువ్వు పిల్లకి మొహం కడుగు."

ఆఫీసులో ఇంజనీరు నిత్యానందరావు గారు కిటికీ పక్కనే కూచుని ఉన్నారు. కిటికీలోంచి బడి కనపడుతోంది, బడి తలుపులోంచి పై కప్పు కనపడుతోంది, పై కప్పులో బీట కనపడుతోంది. సువార్తమ్మ వేలు పెట్టి చూపించింది. ఆయన వెంటనే కళ్లు మూసుకున్నారు.

"మస్తాన్! ఆ తెర లాగవయ్యా. ఇక్కడ అనధికార వీక్షణ జరుగుతోంది."

అటెండరు మస్తాన్ వచ్చి తెర లాగాడు. అప్పుడు కళ్లు తెరిచి, "చెప్పండమ్మా" అన్నారు నిత్యానందరావు గారు.

ఆమె మొదటినుంచీ మళ్లీ చెప్పింది. ఆయన తల పంకించారు.

"తమరు విన్నవించిన అంశం ఈ కార్యాలయపు దృష్టికి ఇంకా రాలేదు."

"ఇప్పుడే గదా సార్ నేను చెప్పింది?"

"చెప్పారు. దృష్టికి రాలేదు. ఇకమీదట దృష్టి అనగా ఫొటో. పై నుంచి కొత్త విధానం అమలులోకి వచ్చింది, దృశ్యాధార పాలన అని. అధికారి స్వయంగా వెళ్లి కంటితో చూసినచో అందులో మొహమాటం ప్రవేశిస్తుంది. కాఫీ ప్రవేశిస్తుంది. కొబ్బరిబొండం ప్రవేశిస్తుంది. ఫొటోకు మీరు కొబ్బరిబొండం తాగించలేరు కదా! కావున కంటితో చూచుట నిషేధించబడినది. బీట పక్కన కొలబద్ద పట్టుకుని, దాని మీది గీతలు లెక్కపెట్టదగినంత స్పష్టంగా, పూర్తి నాణ్యతతో ఫొటో పంపండి. వెడల్పు కొలుస్తాం. కొలిచి మరమ్మతు మంజూరు చేస్తాం."

నిజం చెప్పాలంటే సువార్తమ్మకు ఇది బాగానే ఉందనిపించింది. ఫొటోయే కదా! బల్ల మీద స్టూలు వేసుకుని, స్టూలెక్కి, అడుగు స్కేలు బీటకు ఆనించి టకటకా తీసింది. ఆమె ఫోను మంచిది. ఒక ఫొటోలో బీటలోంచి చీమ మెతుకు మోసుకుపోతోంది. వేళ్లతో పెద్దది చేస్తే చీమ మీసాలు కూడా కనపడ్డాయి. ఆఫీసువాళ్ల ఫోన్ గ్రూపులోకి పంపి, మరమ్మతుకు మేస్త్రీలొస్తే పిల్లల్ని ఎక్కడ కూచోబెట్టాలా అని ఆలోచనలో పడింది.

మర్నాడు గ్రూపులో జవాబు వచ్చింది. "పరిశీలించడమైనది. బీట కనిపించుట లేదు."

పరుగున రోడ్డు దాటింది. కంప్యూటర్ సెక్షను సూపరింటెండెంటు కోదండపాణి గారు తెర మీద ఫొటో పెద్దది చేసి చూపించారు. అది ఆమె తీసిన ఫొటోయే. కానీ రాగి సంకటి ముద్దలాగా ఉంది. స్కేలు మీద అంకెలు లేవు. చీమ లేదు. బీట ఉండాల్సిన చోట పొగ లాంటిది ఏదో ఉంది.

"చూశారా? ఫొటోలో బీట లేదు. కావున బీట లేదు" అన్నారు కోదండపాణి గారు.

"అది గ్రూపులో పంపితే చిక్కిపోద్ది సార్. తొందరగా పోవాలని అది ఫొటోని నలిపి, పిండి పంపిద్ది. నా ఫోన్లో ఏనుగుంది, మీ కాడికొచ్చింది ఎలక."

"ఏనుగును పంపవలసిన బాధ్యత దరఖాస్తుదారుదే."

"పంపుతా. అదెంత పని!" సంచీలోంచి చార్జింగు తీగ తీసింది సువార్తమ్మ. "ఈ కొస ఫోనుకి, ఈ కొస మీ డబ్బాకి. ఫోన్లో 'ఫైళ్లు పంపు' అని నొక్కితే ఫొటోలున్న అర మీ కంప్యూటర్లో తెరుచుకుంటది. పట్టుకుని ఇటు లాగితే చాలు. ఉన్నది ఉన్నట్టు, చీమ మీసంతో సహా వచ్చిద్ది. లేవండి ఒకసారి."

కోదండపాణి గారు లేవలేదు. డబ్బాను మాత్రం పక్కకు తిప్పి చూపించారు. తీగ గుచ్చే బెజ్జాలన్నిటిలో ఎర్రటి లక్క. లక్క మీద ఆఫీసు ముద్ర.

దానికీ ఒక చరిత్ర ఉంది. ఆ మధ్య ఒక గుమస్తా తన ఫోనును చార్జింగు కోసం ఆఫీసు కంప్యూటరుకు తగిలించాడు. ఆ సాయంత్రమే జిల్లా ఆఫీసులో కంప్యూటర్లు ఆగిపోయాయి. అక్కడ కరెంటు పోయినందువల్ల ఆగాయని తర్వాత తేలింది గానీ, అప్పటికే ఉత్తర్వు బయల్దేరింది. బయల్దేరిన ఉత్తర్వు వెనక్కి రాదు. బెజ్జాలన్నీ మూశారు. ఆ ఊపులో మౌసు బెజ్జం కూడా మూశారు. మౌసుకు మినహాయింపు తెచ్చుకునేదాకా ఆ సెక్షన్లో పనే జరగలేదు. ఆ కొన్నాళ్లూ ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కానందుకు సెక్షనుకు ప్రశంసాపత్రం వచ్చింది.

"లక్క గీకితే పోలా?" అంది సువార్తమ్మ.

కోదండపాణి గారు చెవులు మూసుకున్నారు. "అమ్మా, అది ప్రభుత్వ ముద్ర!"

"సరే, మెయిల్‌కు తగిలించి పంపుతా. దాన్లో నలగదు."

"మెయిల్ డబ్బా నిండిపోయింది. పై అధికారుల నూతన సంవత్సర శుభాకాంక్షలు వచ్చి ఉన్నాయి. వాటిని తీసివేయుట అవిధేయత."

మస్తాన్ టీ గ్లాసులు ఏరుకుంటూ, "టీచరుగారూ, ఆ గ్రూపులోనే ఫొటో అని కాకుండా పత్రం అని తగిలించండి. అట్టయితే నలపదు" అన్నాడు.

అప్పటికప్పుడు అట్లాగే పంపింది. కోదండపాణి గారు మొహం చిట్లించారు. "పత్రమైతే గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలి. ఇందులో ఎక్కడుంది సంతకం?"

"శ్లాబు మీద సంతకం ఎవరు పెడతారు సార్? చీమ పెడద్దా?"

నెట్‌లో దాచి లింకు పంపుతానంటే, ఆకాశంలో ఉన్న ఫొటో రాళ్లమెట్ట మండల పరిధిలోకి రాదన్నారు. ఫోన్లో చిప్పు ఊడదీసి ఇస్తానంటే చిప్పు దూర్చే సందులో కూడా లక్కే ఉంది. తీగ లేకుండా ఒకే వైఫై మీద రెండిటినీ కలిపి పంపుకోవచ్చంటే, "గాలిలో వచ్చిన సాక్ష్యం చెల్లదు" అన్నారు. గ్రూపులో వచ్చిన సంకటి ముద్ద ఎందులోంచి వచ్చిందో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. అడిగి ఉంటే గ్రూపు కూడా మూసేసేవాళ్లు.

ఇంటికొచ్చి సువార్తమ్మ నీళ్లు కూడా తాగకుండా అర్జీ రాసింది. ఆమె రాసిన దానిలో "అసలు ఫొటో నా ఫోనులోనే ఉన్నది" అనే మాట ఒకటుంది. ఆ మాట పట్టుకుని ఆఫీసులో సమావేశం జరిగింది. సమావేశం తేల్చిన దాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. అసలు ఫొటో ఫోనులో ఉంది, కార్యాలయానికి అసలు కావాలి, కాబట్టి ఫోనునే దాఖలు చేయాలి.

"ఇచ్చేయండి టీచరమ్మా, ఓ వారం పోతే పోయింది" అన్నాడు ఏడుకొండలు. అప్పటికి ఆకాశంలో మబ్బులు దిగుతున్నాయి. ఇచ్చేసింది.

నిత్యానందరావు గారు ఫోనును రెండు చేతులా అందుకుని, ఫైలు తెప్పించి, అందులో పెట్టారు. ఫైలు మూత పడలేదు. పైగా ఇంకో చిక్కు. ఫైలులో చేరిన ప్రతి వస్తువుకూ ఎడమ పక్క పైమూలన బెజ్జం వేసి దారం గుచ్చాలని కార్యాలయ నిబంధన. దారం గుచ్చనిది ఫైలులో ఉన్నట్టు కాదు. పంచింగు మిషన్ తెచ్చి నొక్కారు. మిషన్ విరిగింది.

"మస్తాన్, వడ్రంగిని పిలిపించు. బర్మా తెమ్మను."

మస్తాన్ కదల్లేదు. "సార్, ఫోనుకి బెజ్జం వేస్తే అందులో ఫొటోలు గూడా పోతయ్ సార్."

"ఫొటో పోవుట వేరు, నిబంధన పోవుట వేరు."

వడ్రంగి నిజంగానే వచ్చాడు. ఫోనును బల్ల మీద బోర్లించి, ఎడమ పక్క పైమూలన పెన్సిలుతో చుక్క పెట్టాడు. ఆ చుక్క కింద ఉన్నది కెమెరా. సువార్తమ్మ ఒక్క అంగలో బల్ల దగ్గరికి వచ్చి ఫోను లాక్కుంది.

"నా బడికి పడ్డ బెజ్జం చాల్లేదా, నా ఫోనుకు గూడా వేస్తారా? సిగ్గుండాల!"

నిత్యానందరావు గారికి కోపం రాలేదు. ఊరట కలిగింది. కలం మూత తీసి రాసుకున్నారు. దరఖాస్తుదారు తన సాక్ష్యాన్ని తానే ఉపసంహరించుకున్నందున, కార్యాలయం వద్ద ఉన్న ఏకైక ఫొటోలో బీట లేనందున, సదరు భవనం బీటరహిత భవనమని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.

ఆ కాగితం బడి గోడకు అంటించారు. సరిగ్గా బీట గోడలోకి దిగిన చోట. కాగితం కింద బీట కనపడకుండా పోయింది. ఆ మేరకు ధ్రువపత్రం నిజమే చెప్పింది.

వానలు పట్టుకున్నాయి. ఏడుకొండలు ఎక్కణ్ణించో టార్పాలిన్ తెచ్చి బడి ముందు కట్టాడు. సువార్తమ్మ పిల్లల్ని దాని కింద కూచోబెట్టింది. రెండు రోజులు తిరక్కుండా నోటీసు వచ్చింది. బీటరహిత గది ఉండగా పిల్లలు బయట కూచున్నచో సదరు గది ఈ గ్రామానికి అక్కర లేదని భావించి, పాఠశాల హైవే అవతలి పాఠశాలలో విలీనం చేయబడును. హైవే అంటే గ్రానైటు రాళ్ల లారీలు పోయే హైవే. పావని వయసు పిల్లలు దాన్ని రోజూ దాటాలి.

"లోపల శ్లాబు, బయట లారీ. ఏది కావాలో కోరుకోమంటన్నారు" అన్నాడు ఏడుకొండలు. ఆ రోజు అతనికి నవ్వు రాలేదు.

సువార్తమ్మ పిల్లల్ని లోపలికి తీసుకెళ్లింది. సుద్దముక్కతో బీటకు సరిగ్గా కింద నేల మీద పొడుగూతా గీత గీసింది. తలుపు వైపు సగంలో శ్లాబు కాస్త గట్టిగా ఉంది. అవతలి సగంలోనే పెచ్చులు రాలుతున్నాయి. "గీత దాటితే కాళ్లు విరగ్గొడతా" అని చెప్పింది. పిల్లలంతా తలుపు వైపు సగంలో చేపలబుట్టలో సర్దినట్టు సర్దుకున్నారు. బంతి గీత దాటితే కర్రతో లాక్కోవడం నేర్చుకున్నారు. వాన పెరిగినప్పుడు సువార్తమ్మ పాఠం ఆపి పైకి చూసేది. టీచరు పైకి చూస్తే పిల్లలూ పైకి చూసేవాళ్లు. ఆ ఏడు వాళ్లకు వచ్చిన చదువు అది.

ఈలోగా మండలంలోని బడులన్నీ గ్రూపులో ఫొటోలు పంపాయి. అన్నీ సంకటి ముద్దలయ్యాయి. అన్నిటికీ బీటరహిత పత్రాలు వచ్చాయి. పత్రాలన్నీ కలిపి చూసుకుంటే రాళ్లమెట్ట మొత్తం బీటరహిత మండలమని తేలింది. ఇక సన్మానం చేయక తప్పుతుందా? జిల్లా నుంచి పెద్దాయన ఒకరు వస్తున్నారు. సభ ఎక్కడ పెట్టాలి? మొట్టమొదటి పత్రం ఏ భవనానికి వచ్చిందో అక్కడే పెట్టాలని కోదండపాణి గారే ఉత్సాహపడి ప్రతిపాదించారు.

ఆ ఉదయం బడి గదిలో జంపఖానా పరిచారు. సుద్దగీత దాని కిందికి పోయింది. అక్కడొక గీత ఉందని ఆఫీసువాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఇక చూడండి తమాషా. సభకు ఏర్పాట్లు చేసింది నిత్యానందరావు గారే. వేదిక కుర్చీలన్నీ తలుపు వైపు సగంలో వేయించారు. ఒక్క కుర్చీ కాలు కూడా గీత దాటలేదు. ఇక మిగిలిన సగం చూపించి అన్నారు.

"పిల్లలను అటువైపు కూర్చుండబెట్టండమ్మా. ఫొటోలో నిండుగా ఉంటుంది."

సువార్తమ్మ ఆయన మొహంలోకి చూసింది. జంపఖానా వైపు చూసింది. మళ్లీ ఆయన మొహంలోకి చూసింది. ఇన్ని నెలలుగా దృష్టికి రాని బీట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఆయన కుర్చీలకు అంగుళం తేడా లేకుండా తెలుసు.

"పిల్లలు గుమ్మం కాడే కూచుంటారు సార్. పెద్దోళ్లు మీరు. మీరు అటు కూచోండి, నిండుగా ఉంటది."

"ప్రోటోకాల్ ప్రకారం అతిథులు ద్వారసమీపమున ఉండవలెను."

"ఏ కాయితంలో ఉంది సార్ ఆ మాట? గోడ మీద కాయితంలో బీట లేదని మాత్రం ఉంది."

ఏడుకొండలు జనంలోంచి లేచి, అందరికంటే పెద్ద కుర్చీని ఎత్తి తీసుకెళ్లి గీతకు అవతల, పెచ్చులు రాలే చోట వేశాడు. భుజం మీది తువ్వాలుతో దుమ్ము దులిపాడు.

"రాండి సార్. మా పావని కూచున్న చోటు. గాలి బాగా వచ్చిద్ది, పైనుంచి గూడా వచ్చిద్ది."

గుమ్మం దగ్గర తల్లులు నవ్వారు. జిల్లా పెద్దాయన శాలువా సర్దుకుంటూ నిత్యానందరావు గారి వైపు చూశారు. నిత్యానందరావు గారు కోదండపాణి గారి వైపు చూశారు. కోదండపాణి గారు తలెత్తి పైకి చూశారు. చూసి, గబుక్కున తల దించుకున్నారు. అనధికార వీక్షణ అందరి ఎదుటా జరిగిపోయింది.

"ఏం కనపడింది సార్?" అంది సువార్తమ్మ.

ఆయన తన కుర్చీని ఇంకో అడుగు గుమ్మం వైపు జరుపుకున్నారు.

"ఫొటోలో లేని బీట మీ కంటికి కనపడింది గదా? మొదట్నించీ కనపడతానే ఉంది గదా?"

కట్టు కథ అయితే సరిగ్గా అప్పుడే పెచ్చు ఊడి ఆ ఖాళీ కుర్చీలో పడాలి. పడలేదు. శ్లాబుకు మన సభల వేళలు తెలియవు. అది పడదలుచుకున్నప్పుడు పడుతుంది. భయం అందుకే. సువార్తమ్మ దానికోసం కాచుక్కూచోలేదు. "లేవండి పిల్లలూ, పలకలు తీసుకోండి" అంది. పిల్లలు లేచారు. వరసగా గుమ్మం దాటారు. ఏడుకొండలు ఆటో అడ్డం పెట్టి బస్సును ఆపాడు. పిల్లలు రోడ్డు దాటి భవన భద్రతా విభాగం వారి హాల్లోకి పోయి, ఫ్యాన్ల కింద బాసింపట్టు వేసుక్కూచుని రెండో ఎక్కం అందుకున్నారు. మస్తాన్ ఎవరూ చెప్పకుండానే కిటికీ తెర పక్కకు లాగాడు.

సువార్తమ్మ ఫోనూ తీగా కోదండపాణి గారి బల్ల మీద పెట్టింది. అవి ఇంకా అక్కడే ఉన్నాయి. పిల్లలూ అక్కడే ఉన్నారు. అన్నం గిన్నెలు కూడా అక్కడికే వస్తున్నాయి.

ఇక ఇప్పుడు చేయవలసింది వినండి, పెద్దలారా. కమిటీ వేయకండి. కొత్త విధానం రాయకండి. చాకు తీసుకుని ఆ లక్క గీకండి. తీగ గుచ్చండి. ఫొటో దానంతటది వస్తుంది, చీమ మీసంతో సహా. కొలవండి. మేస్త్రీలను పంపండి. గోడ మీది కాగితం మీ చేతులతో మీరే చింపండి. విలీనం నోటీసు వెనక్కి తీసుకోండి. మండలంలో తక్కిన బడుల ఫొటోలు కూడా ఇట్లాగే తీగతో తెప్పించుకుని మళ్లీ చూడండి. ఇదంతా చేసేదాకా పిల్లలు మీ హాలు వదలరు. లక్క గీకడానికి కూడా పై నుంచి ఉత్తర్వు రావాలంటారా, అది వచ్చేదాకా కళ్లున్నాయి కదా, వాటితో పని కానివ్వండి. తెర తీసే ఉంది. మధ్యలో ఉన్నది రోడ్డొక్కటే. లేవండి. దాటండి. ఇవాళే.